బండి కంటికి బొట్టు

పరువు పోగొట్టుకోవడానికి మనుషులు నానా తంటాలూ పడతారు. నాకు మాత్రం గుప్పెడు పసుపు, చిటికెడు కుంకుమ, గంటసేపు హైవే ప్రయాణం సరిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదని ముందే చెప్పేస్తున్నాను కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మూడేళ్ళ కిందటి మాట. జంషెడ్‌పూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర నేను సేఫ్టీ సూపర్‌వైజర్ని. పొద్దున్నే కూలీలను వరసగా నిలబెట్టి, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దనీ, ఆపమని ఎవరు చెయ్యెత్తినా పని ఆపాల్సిందేననీ పాఠం చెప్పడం నా ఉద్యోగం. చెప్పేవి శ్రీరంగనీతులు అన్న సామెతలో మొదటి సగానికి నాకు జీతం ఇచ్చేవారు. రెండో సగం నేను ఉచితంగా చేసి చూపించాను.

మా మామయ్య, అంటే నా భార్య పద్మ వాళ్ళ నాన్న సింహాచలంగారు, ముప్పైనాలుగేళ్ళు స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. బర్మామైన్స్ పేటలో మా వెనక సందులోనే ఇల్లు. నాకు డ్రైవింగ్ నేర్పిన గురువు కూడా ఆయనే. డెబ్బై దగ్గరపడినా తన పాత కారు తనే నడుపుకునేవారు. ఆ ఏడాది ఆ కారు రెండుసార్లు గేటు స్తంభాన్ని రాసుకుంది. అత్తయ్యకు గుండెల్లో రాయి పడింది. ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచింది.

"బాబూ, మీ మావకి సూపు ఆనట్టం నేదు. తాళం ఇచ్చీమంటే నా మీద కయ్యిమంటన్నారు. నువ్వు సదువుకున్నోడివి, ఎలాగోలా ఒప్పించు."

గురువుగారి ముందు నిలబడి "మీరిక కారు నడపొద్దు" అనే ధైర్యం నాకు లేదు. ధైర్యం లేనివాడు తెలివిని నమ్ముకుంటాడు. ఆ తెలివి కూడా లేదని వాడికి తర్వాత తెలుస్తుంది.

సరిగ్గా అప్పుడే మా యజమాని, మేమంతా సేఠ్‌జీ అని పిలిచే ఆయన, ఒక ఖరీదైన ఎస్‌యూవీ కొన్నారు. ముందున్న బండిని అదే చూసుకుని వేగం తగ్గించుకుంటుంది. గీత దాటితే స్టీరింగు అదే సర్దుకుంటుంది. ఎవరైనా అడ్డమొస్తే బ్రేకు కూడా అదే వేస్తుంది. యంత్రాలకూ పనిముట్లకూ చేసే విశ్వకర్మ పూజకు ఆ బండిని ముస్తాబు చేసే పని, మర్నాడు రాంచీ షోరూముకు మొదటి సర్వీసుకు తీసుకెళ్ళే పని నాకే పడ్డాయి. మామయ్యను వెంట తీసుకెళ్ళి, ఈ కాలంలో డ్రైవింగంటే యంత్రాల పని, మనుషులది కాదని కళ్ళకు కట్టినట్టు చూపించి, తాళం నెమ్మదిగా లాగేసుకోవాలని నా పథకం.

మా ఊళ్ళో విశ్వకర్మ పూజనాడు బొట్టు లేని స్పానరు కూడా కనపడదు. జుగ్సలాయిలోని మా కంపెనీ గోదాములో పంతులుగారు బండికి ఇంత బొట్టు పెట్టమన్నారు. సేఠ్‌జీ చూస్తున్నారు కదా, నా భక్తి పొంగింది. ముందున్న కంపెనీ గుర్తు మీద అట్టు పోసినట్టు పసుపు మెత్తి, దాని మీద మూడు కుంకుమ బొట్లు పెట్టాను. అద్దం పైభాగంలో నట్టనడుమ, అద్దానికి అవతల ఏదో నల్లటి పెట్టె ఉన్నచోట, ఓంకారం దిద్దాను. బంతిపూల దండ కూడా వేలాడేశాను. పెళ్ళికూతుర్ని కూడా అంత శ్రద్ధగా ఎవరూ అలంకరించరు.

మర్నాడు పొద్దున్న బయల్దేరాం. హైవే ఎక్కగానే స్టీరింగు మీద ఈ సాయాలన్నీ మొదలెట్టే బొత్తం నొక్కాను. బండి టింగుమంది. తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసింది. నేను ఓకే నొక్కాను. మళ్ళీ టింగుమంది. మళ్ళీ ఓకే. చదివారా అని అడుగుతున్నారా? కూలీలకు పాఠాలు చెప్పేవాణ్ణి, నాకు చదవాల్సిన అవసరమేముంటుందండీ?

చాండిల్ దాటాక దారి ఖాళీగా ఉంది. దూరంగా ఒక ట్రాక్టరు, దాని ట్రాలీలో నిమజ్జనానికి వెళ్తున్న విశ్వకర్మ విగ్రహం, వెనకాల డప్పులతో నలుగురు కనిపించారు. ఇంతకన్నా మంచి అవకాశం దొరకదనిపించింది.

"మావయ్యా, ఇప్పుడు చూడండి. నేను కాలు తీసేస్తాను. ఆ ట్రాక్టర్ని చూసి బండి దానంతటదే ఆగుతుంది."

ఆయన ఒక్క క్షణం నా వంక చూశారు. "అదే ఆగితే నా బండి తాళం నీకిచ్చేత్తాను. నువ్వడగాలనుకుంటన్నది అదే కదా?" అన్నారు.

పథకం ఆయనకు ముందే తెలుసని అర్థమైంది. అయినా వెనక్కి తగ్గలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నేను ఒకేసారి కాలు తీశాను, నోరూ జారాను. బండి నెమ్మదించింది. "చూశారా, అదే తగ్గించుకుంటోంది" అని విర్రవీగాను. ఆక్సిలరేటరు మీద కాలు తీస్తే ఎడ్లబండి లాంటి డొక్కు కారైనా నెమ్మదిస్తుందన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు.

ట్రాక్టరు దగ్గరైంది. మామయ్య అరవలేదు. క్రేన్ కింద నిలబడి సైగలు చేసే మనిషిలా అరచెయ్యి ఎత్తి చూపించారు, ఆపమని. నేను ఆపలేదు. "ఆగుతుంది మావయ్యా, చూడండి" అంటూనే ఉన్నాను. ఆఖరి క్షణంలో డప్పులవాళ్ళు పక్కకు దూకారు. నేను బ్రేకు తొక్కాను. బండి వెళ్ళి ట్రాలీకి తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు గాని, విశ్వకర్మ చేతిలోని సుత్తి ఊడి సేఠ్‌జీ బానెట్ మీద ఠంగున పడింది.

డప్పులు ఆగిపోయాయి. ఒకాయన కిటికీ దగ్గరకొచ్చి, "భయ్యా, బ్రేక్ నహీ హై క్యా?" అని చాలా మర్యాదగా అడిగాడు. బ్రేకుల్లేవా అని అడిగే బదులు తిట్టినా బాగుండేది.

మామయ్య దిగి వాళ్ళందరికీ చేతులు జోడించారు. సుత్తిని తీసి, తువ్వాలుతో తుడిచి, దేవుడి చేతికి కట్టించారు. నేను చెయ్యాల్సిన పనులన్నీ ఆయన చేస్తుంటే నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. తిరిగొచ్చి, "ఆ తెర మీద ఏటి రాసుందో సదువు" అన్నారు.

చదివాను. ముందువైపు సెన్సర్లు మూసుకుపోయాయి, శుభ్రం చేయండి, బ్రేకు సాయం అందదు, అని ఉంది. ఆ సెన్సర్లెక్కడుంటాయని అడిగారు. బండితో ఇచ్చిన పుస్తకం తీసి వెతికాను. ఒకటి కంపెనీ గుర్తు వెనకాల. ఇంకోటి అద్దం పైన నల్ల పెట్టెలో.

మామయ్య పసుపు వంక చూశారు, ఓంకారం వంక చూశారు, నా వంక చూశారు.

"బండికి కళ్ళు నువ్వే మూసీసి, నాకు కళ్ళు కనపట్టం నేదంటావేటి అల్లుడూ?"

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. రాంచీ మానుకుని వెనక్కి తిరిగాం. దారిలో స్టీరింగు ఆయన్నే పట్టుకోమన్నాను. వద్దన్నారు. "ఎడంకన్ను మసగ్గానే ఉందిరా. ఆపరేషన్ సెయ్యాలన్నారు. నువ్వొచ్చి 'మావా, తాళం ఇచ్చీ' అంటే ఇచ్చీసీవోణ్ణి. మీ అత్త భయపడతాది, నువ్వు నాటకమాడతావు. ఎవులూ అడగరు" అన్నారు. తర్వాత బండి సొట్ట చూపించి సేఠ్‌జీ ఎదుట తలొంచుకోవడం నాకు కష్టమనిపించలేదు. ఈ మాటకు మాత్రం ఎటు చూడాలో తెలియలేదు.

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. జేబులోంచి తాళం తీశారు. నేను సిగ్గుతో చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి దాటి వెళ్ళి పద్మ చేతిలో పెట్టారు. "నువ్వు నేర్సుకో అమ్మా. ఈడికి మాత్రం ఇవ్వకు" అన్నారు. పద్మ ఆలోచించను కూడా లేదు. "ఠీక్ హై పప్పా" అంది. అప్పట్నుంచీ నేను పక్క సీటే.

కాబట్టి విశ్వకర్మ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పెద్దవాళ్ళను అడగాల్సింది ఇకమీదట నా నోటితోనే అడుగుతాను, బండితో అడిగించను. బొట్టు నుదుటికే పెడతాను. నుదురేదో, కన్నేదో తెలియకపోతే పద్మని అడిగి పెడతాను.