వేలు దూరేంత సందు

ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఇనుముతో కుస్తీ పడుతున్నవాణ్ణి. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు నా పని. నేను చేసిన వస్తువును పట్టుకుని ఊపితే కదలకూడదు, చేత్తో నిమిరితే గరుకు తగలకూడదు. ఈ విషయంలో నాకు కాస్త పొగరుందని మా ఆవిడ అంటుంది. కాస్త కాదు, బాగానే ఉంది.

సీతమ్మధారలో జంతువుల క్లినిక్ నడిపే డాక్టరమ్మ పోయినేడు ఒక ఇనుప చట్రం చేసిపెట్టమంది. ఊసరవెల్లి కోసమట. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. యారాడలో ఒక పెద్దావిడ తన ఆకుకూరల మడిలోకి మేకలు రాకుండా పాత నైలాను చేపల వలతో కంచె కట్టుకుంది. కొండ మీంచి దిగిన ఊసరవెల్లి ఆ వలలో చిక్కుకుని, పెనుగులాడి ముందుకాలు కోసుకుంది. అపశకునం, కర్ర పెట్టి కొట్టెయ్యమని చుట్టుపక్కల వాళ్లు అన్నారట. ఆవిడ వినకుండా అంతమేర వల కోసి, దాన్ని చేపల బుట్టలో పెట్టి, పైన తడిగోనె కప్పి బస్సులో తీసుకొచ్చింది. అటవీశాఖ వాళ్ల అనుమతితో, కాలు మానేదాకా డాక్టరమ్మ దాన్ని తన దగ్గరే ఉంచుకుంది.

"జాలీ మాత్రం వద్దన్నయ్యా, గోళ్లు మళ్లీ చిక్కుకుంటాయి. నాలుగు వైపులా తెరిచే ఉండాలి. నిండా మొక్కలుంటే అది దిగి ఎక్కడికీ పోదు," అంది.

తలుపుల్లేని బోను చెయ్యడం నాకదే మొదలు. గొట్టాలు అద్దంలా గ్రైండింగ్ పట్టించి, దాని కళ్లకు ఇంపుగా ఉంటుందని ఆకుపచ్చ రంగు కూడా కొట్టాను. వాసన పోయేదాకా వారం ఎండబెట్టి, క్లినిక్ మేడ మీది వరండాలో నిలబెట్టాను. మందార కుండీలు కొక్కేలకు తగిలించి, కొమ్మల్ని గొట్టాల వెంట ఆనించి, బైండింగ్ వైరు చుట్టి కటింగ్ ప్లేయర్‌తో మెలిపెట్టాను. ఊపి చూశాను. ఒక్క కొమ్మ కదల్లేదు. భేషనుకుని ఇంటికెళ్లాను.

శనివారం డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఊసరవెల్లి రెండు రోజులుగా నీళ్లు ముట్టలేదు. ఆకుల మీద చల్లిన బొట్లు తప్ప గిన్నెలో నీళ్లు తాగదట. చుక్కలు పోద్దామంటే నోరు తెరవడం లేదట. చట్రం ఎక్కబోయి మూడుసార్లు కింద పడిందట. "రేపు కూడా తాగకపోతే బతకదన్నయ్యా" అంది.

ఆదివారం ప్రార్థనకు మా ఆవిడ ఒక్కతే వెళ్లింది. నేను వరండాకు వెళ్లేసరికి అది గోడవారన నేల మీద, బొగ్గు రంగులో పడి ఉంది. యారాడ పెద్దావిడ కూడా వచ్చింది. నా చట్రం చుట్టూ తిరిగి, వైరు మెలికను గోటితో గీకింది.

"ఎవులు కట్టినారిది?"

"నేనే."

"దొంగని కట్టీసినట్టు కట్టీసినావేటి బావూ! కొమ్మ గొట్టానికి అతుక్కుపోనాది. అది దేన్ని పట్టుకుంటాది? దాని కాలు సూసినావా?"

చూడలేదు. నిజంగానే అప్పటిదాకా చూడలేదు. వంగి చూశాను. మూడు వేళ్లు ఒక జట్టు, రెండు వేళ్లు ఇంకో జట్టు. నా జేబులోని ప్లేయర్ నోరు లాగే ఉంది. అది కొమ్మను చుట్టూ పట్టుకోవాలి. కొమ్మకీ గొట్టానికీ మధ్య సందు లేకపోతే ఆ వేళ్లు ఎక్కడికి పోతాయి? నా నున్నటి గొట్టం మీద జారి పడక ఏం చేస్తుంది?

వైరంతా తెంచేశాను. నైలాను తాడు తెస్తానంటే పెద్దావిడ కళ్లెర్రజేసింది.

"అదే గదా దాని కాలు కోసినాది! పాత గుడ్డ తే."

డాక్టరమ్మ పాత నూలు చీర ఇచ్చింది. పెద్దావిడ దాన్ని పేలికలుగా చించి, ఒక్కో కొమ్మనూ గొట్టానికి ఎడంగా, పక్క కొమ్మకు అందేలా కట్టుకుంటూ పోయింది. ప్రతి కట్టులోనూ నా చెయ్యి పట్టి వేలు పెట్టించింది. "ఏలు దూరాల. గాలికి ఊగాల. పడవని బిగించి కడితే కెరటానికి ఇరిగిపోదేటి?" తర్వాత కొంగు తడిపి, ఆకుల మీద పేరుకున్న ఓడరేవు బొగ్గు దుమ్ము తుడిచింది. ఈ ఊళ్లో ఆ దుమ్ము తుడవడం ఎవరికీ నేర్పక్కర్లేదు.

డాక్టరమ్మ నీళ్లు చల్లి, ఊసరవెల్లిని అడుగు కొమ్మ మీద ఉంచింది. ముగ్గురం గోడకానుకుని కూర్చున్నాం.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఒక కాలు గాల్లోకి లేచింది. వేళ్లు విచ్చుకున్నాయి. సందులోకి దూరి, కొమ్మ చుట్టూ మెల్లగా మూసుకున్నాయి. కొమ్మ ఊగింది. అదీ కొమ్మతోపాటే ముందుకీ వెనక్కీ ఊగింది. కట్టు వేసిన కాలి వంతు వచ్చేసరికి పెద్దావిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ కాలు కూడా పట్టు దొరకబుచ్చుకుంది. ఎన్ని వేల అతుకులు వేశానో గానీ, బరువును ఇంత నమ్మకంగా మోసే పట్టు నా చేత్తో ఎప్పుడూ చెయ్యలేదు.

మూడో మందార దగ్గర ఆగింది. బొగ్గు రంగు ఎప్పుడు కరిగిందో, ఎక్కడ మొదలైందో చూస్తుండగానే తెలియలేదు. పక్కల మీద పచ్చదనం పరుచుకుంది. ఒక కన్ను ఆకు చివరి బొట్టు మీద ఉంది. రెండోది నెమ్మదిగా తిరిగి మా మీదికి వచ్చింది. నోరు తెరిచి బొట్టు అందుకుంది. గొంతు కదిలింది. ఇంకో బొట్టు. ఇంకోటి. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది. నేను గుడిలోనూ, చర్చిలోనూ కూడా అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ కూర్చోలేదు.

పెద్దావిడ చటుక్కున లేచింది. టీ వస్తోందన్నా ఆగలేదు.

"ఎక్కడికమ్మా?"

"ఇంటికి. మిగిలిన వల పీకేయాల. కొండ మీద ఇదొక్కటే ఉంటాదేటి?"

"మరి మేకలు?"

"తింటే తిననీ బావూ," అంటూ మెట్లు దిగిపోయింది.

నేను కటింగ్ ప్లేయర్ సంచిలో వేసుకుని, బండి తాళాలు తీసుకుని ఆవిడ వెనకే పరిగెత్తాను.