క్లచ్చుకి బేరమాడని రోజు

నన్ను తొమ్మిదో తరగతి దాకా మాస్టర్లు వెనకనుంచి తోసుకొచ్చారు. పదో తరగతి కాస్త ఎత్తుగా కనబడింది. అక్కడ ఆగిపోయాను, తోసే ఓపిక వాళ్లకీ అయిపోయింది. అందుకే ఆ ఆదివారం పొద్దున అబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ వైపు ఎత్తు ఎక్కలేక మా కారు ఆగిపోతే నాకు దానిమీద కోపం రాలేదు. మా వంశంలోదే అనుకున్నాను.

అప్పుడు బండి నడుపుతున్నది నేను కాదు, మా ఆవిడ. యాభై దగ్గర పడుతుండగా ఒకరోజు ఉన్నట్టుండి డ్రైవింగ్ నేర్చుకుంటానంది. ఎందుకంటే "ఊరికే" అంది. అబిడ్స్‌లో ఒక సందులో మాది గుండీలు, లేసులు, జిప్పులు అమ్మే చిన్న దుకాణం. ఇల్లు నాంపల్లిలో. బేగం బజార్ నుంచి సరుకు తెచ్చుకోవడానికని ఎప్పుడో కొన్న పాత కారు ఒకటుంది. దానికి ముందూ వెనకా ఎర్ర రంగు 'ఎల్' అతికించి, ఆదివారాలు నేర్పడం మొదలుపెట్టాను. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు పట్టాలు పరుచుకునేలోపు రోడ్డంతా మాదే.

నేర్పడమంటే నా పద్ధతిలో ముప్పావు వంతు వెక్కిరించడమే. ఆమె ఊరుకునే రకం కాదు. పుట్టింది కాచిగూడలోనైనా, తాతల నాడే గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో మాట ఇప్పటికీ ఆ వైపుదే. నేనొకటంటే అటునుంచి 'అండీ' తగిలించి మర్యాదగా రెండు తగిలేవి. మా కాపురం అట్లా నడిచింది.

ఆ ఆదివారం ఎత్తు సగంలో ఇంజను గట్టిగా అరవడం మొదలుపెట్టింది. ఆమె యాక్సిలేటర్ తొక్కినకొద్దీ అరుపు పెరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. ఏదో మాడుతున్న వాసన. పుస్తకాల మూటలు దించుకుంటున్న ఒకతను కేకేశాడు.

"అన్నా, ఏందో కాలుతున్నది, జర చూస్కో!"

"ఫికర్ చెయ్యకు తమ్మీ, మా ఇంట్ల గీ వాసన రోజూ వస్తది" అన్నాను.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు, తిరిగి ఒక్క మాటా అనలేదు. ఇంజను ఆపి, కిందికి దిగి, ఇటువైపు వచ్చి తాళంచెవి నా చొక్కా జేబులో వేసింది.

"ఇక చాలండీ. నాకు రాదు. బంగారంలాంటి బండిని తగలేశాను."

బండిని వెనక్కి తోసింది ఆ పుస్తకాలవాళ్లే. పుస్తకాలతో నాకు పని పడటం తొమ్మిదో తరగతి తర్వాత మళ్లీ అప్పుడే. ఈ మాట కూడా ఆమెకు వినబడేలాగే అన్నాను.

మర్నాడు మా మెకానిక్ తాడు కట్టి బండిని నాంపల్లిలోని తన షెడ్డుకి లాక్కెళ్లాడు. సాయంత్రం ఫోన్ చేస్తే వెళ్లాను.

"అన్నా, క్లచ్‌ల ఇగ జాన్ లేదు. ప్లేటు మొత్తం అరిగింది. సెట్టుకు సెట్టు మార్చాలె. సామాను అయిదున్నర వేలు, మజూరీ రెండున్నర."

"ఎనిమిది వేలా! గన్ని పైసలకి మా దుకాణంల ఎన్ని గుండీలొస్తయో ఎరికేనా?"

"గుండీలు పెట్టి నడుపుతవా మరి?"

"ఉత్త ప్లేటొక్కటే మారిస్తే?"

"రెండు వేలు తగ్గుతయి. గాని గేరుబాక్సు దించుడు మాత్రం తప్పదు. రేపు తక్కిన సామాను పోతే మళ్ల దించాలె, మళ్ల మజూరియ్యాలె. నీ ఇష్టం."

నా ఇష్టానికి వదిలేస్తే నేను ఏదీ తేల్చను. ఇలాంటి పనికి ఇంట్లో మనిషి ఉంది. బేగం బజార్‌లో చింతపండు ధర నచ్చక ఆమె ఒక్క అడుగు వెనక్కి వేస్తే, గల్లా దగ్గరి సేటు లేచి గుమ్మం దాకా వచ్చేవాడు. ఒకసారి ఇదే మెకానిక్ దగ్గర పంక్చరు డబ్బుల్లో పదిహేను రూపాయలు తగ్గించి, ఆ పదిహేనుతో ఎదురుగా కొత్తిమీర కొని, దాని మీద కరివేపాకు ఊరికే తెచ్చింది.

కానీ ఆమె ఆ ఆదివారం నుంచీ మౌనంగా ఉంది. కోపం కాదు. కోపమైతే నాకు తెలుసు, వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి. ఇది వేరు. మధ్యాహ్నం దుకాణానికి వస్తోంది, చీరకి లేసు కలిపి చూపిస్తోంది, చిల్లర ఇస్తోంది, వెళ్తోంది. నేను వేసే జోకులు చేయిజారిన గుండీల్లా దొర్లిపోతున్నాయి, ఎవరూ ఏరడం లేదు.

"జర నువ్వొచ్చి మాట్లాడు. నాకైతే ఎనిమిదంటున్నడు. నిన్ను చూస్తే దిగుతడు" అన్నాను మంగళవారం. ఆమె చెప్పులేసుకుంది.

షెడ్డులో మా కారు జాకీల మీద ఉంది. ఆమెను చూడగానే మెకానిక్ చేతులు గుడ్డకి తుడుచుకుని, పరీక్ష రాయబోయేవాడిలా నిటారుగా నిలబడ్డాడు. అరిగిన ప్లేటు చూపించాడు. నేను తమాషా చూద్దామని ఒక పాత టైరు మీద కూర్చున్నాను. ఆమె ఆ ప్లేటు వైపు కాసేపు చూసి అడిగింది.

"కొత్తది వేస్తే పెడల్ మెత్తబడుతుందా?"

"ఏంది వదినా?"

"తొక్కడానికండీ. ఇప్పుడు మరీ బిగువుగా ఉంది. నేను తొక్కి చూశాక తెలిసింది. ఈయనకి ఎడమ మోకాలు నొప్పి. సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకోవాలంటే ప్రాణం పోతుంది."

టైరు మీద నేను సర్దుకు కూర్చున్నాను. నా మోకాలి సంగతి నేనెవరికీ చెప్పలేదు. దుకాణం గద్దె మీద చిన్నప్పటినుంచీ బాసింపట్టు వేసి కూర్చున్నందుకు అది ఇప్పుడు వసూలు చేసుకుంటోంది. అబిడ్స్ సిగ్నల్ దగ్గర ఎడమచేయి తొడ కింద పెట్టి, గోక్కుంటున్నట్టు నటిస్తూ కాలికి ఆసరా ఇచ్చేవాణ్ణి. మెట్లు దిగేటప్పుడు ఆడవాళ్లు ముందు నడవాలని మర్యాద చూపించి, వెనకనుంచి ఒక్కో మెట్టూ దిగేవాణ్ణి. అంతా నా గొప్ప నటన అనుకున్నాను.

"పాతగైతే పెడల్ గట్లనే గట్టిపడ్తది వదినా. సెట్టు మొత్తం మారిస్తే వెన్న లెక్క దిగుతది."

"ప్లేటు ఒక్కటే మారిస్తే?"

"గంత ఫరకుండదు."

"అయితే మొత్తం వేసేయండి."

అంతే. నేను దగ్గాను. మెకానిక్ ఇంకేదో వస్తుందని ఎదురుచూశాడు. ఆమె కొంగు సర్దుకుని బయటికి చూస్తోంది. అతను ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి మారాడు.

"వదినా, ఏమన్నా అను. నువ్వు బేరం చెయ్యకపోతే నాకు మంచిగ అనిపిస్తలేదు."

"ఏమనాలండీ, పాడుచేసింది నేనేగా."

"నువ్వా? పన్నెండేండ్ల క్లచ్ వదినా ఇది! నాలుగు ఐతారాలు నువ్వు తొక్కితే పోయిందా? ఎప్పుడో పోవాల్సింది, ఇన్ని రోజులు ఆగుడే ఎక్కువ." అని, ఇక ఉండబట్టలేక, "సరే, అయిదొందలు తక్కువియ్యి, పో" అన్నాడు.

ఎదుటివాళ్లు నోరు విప్పకుండానే బేరంలో ఓడిపోయిన మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను.

ఇంటికి నడిచే వస్తున్నాం. నాంపల్లి స్టేషన్ ముందు జనంలో ఆమె అడుగు తగ్గించి నడుస్తోంది. ఆమె ఎప్పుడూ నాకంటే నెమ్మదిగా నడుస్తుందనుకునేవాణ్ణి. ఎందుకో ఆ సాయంత్రం తెలిసింది.

"మోకాలి సంగతి నీకెవరు చెప్పిన్రు?"

"మీరు తప్ప అంతా చెబుతారండీ. మెట్లు చెబుతాయి."

"అందుకేనా కారు నేర్చుకుంటానన్నది?"

"మరి?"

"ఊరికే అన్నవ్ గదా."

"నిజం చెబితే దాన్నీ జోకు చేస్తారుగా."

స్టేషన్ దాటాక ఆమే మళ్లీ అంది. "ఇక పెడల్ మెత్తగా ఉంటుందిగా. మీరే నడుపుకోండి. నా వల్ల కాదు."

అంటే ఆమె ఆ డబ్బు పెట్టిస్తున్నది తన డ్రైవింగ్ కోసం కాదు. తను మానుకుంటోంది కాబట్టి, నా కాలి కోసం. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. నా నోట్లో ఉన్నవన్నీ జోకులే. దేన్నీ బయటికి రానివ్వలేదు.

బండి గురువారం తయారైంది. ఇద్దరం వెళ్లాం. మెకానిక్ అలవాటుకొద్దీ తాళంచెవి నా వైపు చాపాడు. నేను తీసుకోలేదు. బండి చుట్టూ తిరిగి వెళ్లి, ఎడమవైపు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడ చూస్తూ ఉండిపోయాను. ఆమె కదల్లేదు. ఇప్పుడామె వద్దంటే మళ్లీ ఎప్పుడూ స్టీరింగు ముట్టదని నాకు తెలుసు. మెకానిక్ నన్ను చూశాడు, ఆమెను చూశాడు, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"వదినా, కొత్తది పెడల్ జర కిందున్నప్పుడే పట్టుకుంటది. మెల్లగ ఇడువు."

ఆమె చాలాసేపటికి ఎక్కింది. సందు చివర బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. నా నాలుక చివరికి మూడు జోకులొచ్చాయి, మింగాను. మళ్లీ స్టార్ట్ చేసింది, మళ్లీ ఆగింది. వెనక ఆటోవాడు హారన్ మీదనుంచి చెయ్యి తీయడం లేదు.

"అమ్మా, జర జల్ది!"

నేను కిటికీలోంచి తల బయటపెట్టాను. "కొత్త క్లచ్ భాయ్! జర ఆగు, ఏం మునిగిపోతలేదు!"

ఆమె నా వైపు ఒకసారి చూసింది. మూడోసారి కాలు నెమ్మదిగా వదిలింది. బండి కదిలింది.

అబిడ్స్‌లో మా సందు వైపు తిప్పుతుందనుకున్నాను. తిప్పలేదు. తిన్నగా ఆ ఆదివారం ఆగిన ఎత్తు మీదికే పోనిచ్చింది. నేను పుస్తకాలవాళ్లు కూర్చునే ఫుట్‌పాత్ వైపు చూస్తున్నాను. ఇంజను అరవలేదు, మాడిన వాసనా లేదు. ఎత్తు దాటాక ఆమె గేరు మార్చి, పెదవులు బిగించడం మానేసింది.

మూడు రోజులుగా నేను మంచివాడిగా ఉన్నాను. అంతకంటే ఎక్కువ నావల్ల కాదు.

"అంత మంచిగనే ఉన్నది గాని, క్లచ్ మార్పిస్తివి. పనిల పని నా మోకాలు మార్చాలంటే ఎంతయితదో అడగకపోయినవా?"

ఆమె రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు.

"అడిగానండీ. ఆ మోడల్ ఎప్పుడో ఆపేశారట, సామాను దొరకదట. అందుకే ఉన్నదాన్నే జాగ్రత్తగా వాడుకుంటున్నాను. కాలు చాపుకుని కూర్చోండి."