మూడో ఇల్లు

ఆమె పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోట రాయలేదు.

పినపాక అవతల అడవిలోని గూడెం నుంచి ఖమ్మంలోని మా ఆఫీసుకు ట్రైనీగా వచ్చింది. పాత పుస్తకాలను ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా, అంటే పుస్తకంలో అధ్యాయం, అధ్యాయంలో పేరా అని ఒకదానిలో ఒకటి అమర్చిన ఫైళ్లుగా మార్చడం మా పని. ఆ ఫైళ్లలో కావలసిన ముక్కను వెతికి తీసే కంప్యూటర్ భాష నేర్పమని అడిగితే, ఇంగ్లీషు పీడీఎఫ్ ఒకటి ఆమె ముందు పడేసి ఊరుకున్నాను.

నెల తిరిగేసరికి తనే తెలుగులో ఒక నోటుబుక్కు నింపింది. ఏది చెప్పినా బల్లమీద వేలు నడిపిస్తూ చెప్పేది.

"మా దిక్కు ఇంటి నంబర్లు లెవ్వు సార్. దారి చెప్తేనే ఇల్లు దొరుకుతది. ఇది గూడ గంతే. మండలంల ఊరు, ఊర్లె ఇండ్ల గుంపు, గుంపుల మూడో ఇల్లు. గది మాది."

పదేళ్లుగా నేర్పుతున్నా నాకంత తేలిగ్గా చెప్పడం రాలేదు.

కొత్తవాళ్లకు పాఠాలు తయారుచేయమని మేనేజర్ అన్నప్పుడు, చూసి ఇస్తానని ఆ నోటుబుక్కు తీసుకున్నాను. ఉన్నదున్నట్టు టైపు చేసి, అట్టమీద నా పేరొక్కటే వేసుకున్నాను.

మొదటి క్లాసులో ఆమె చివరి వరుసలో కూర్చుంది. నేను ఆ దారి చెబుతుంటే ముందున్న అమ్మాయి అడిగింది.

"మూడో ఇల్లే ఎందుకు సార్? ఎవరిదది?"

"ఎవరిదీ కాదు. ఊరికే అనుకున్న."

చివరి వరుసలో ఆమె తలెత్తలేదు. బల్లమీద వేలు మాత్రం మెల్లగా కదిలింది. ఊరు, గుంపు, ఒకటో ఇల్లు, రెండోది. మూడో చోట ఆగి, క్లాసు అయ్యేదాకా అక్కడే ఉండిపోయింది.