కండువా చాటున

యుద్ధకాలంలో నెయ్యి కరువైన రోజుల్లో దామోదరం తిరుపతిలోని ఒక సత్రంలో వంటమనిషి. చేతులు సన్నం, పొట్ట చదును; రొమ్ములూ తుంట్లూ మాత్రం ఆడవారికి మల్లే నిండుగా ఉండేవి. తక్కిన వంటవాళ్ళు పైబట్ట లేకుండా పొయ్యి ముందు నిలబడితే, ఇతడొక్కడే ఎదకు అడ్డంగా కండువా బిగించి, చెమటలో నానుతూ పులిహోర కలిపేవాడు. ఒళ్ళు చూసి దొంగతనం అంటగట్టడం కంటే నీచం లేదు. సత్రం పెత్తందారు మునిరామయ్య ఆ పనే చేశాడు.

ఒకనాడు భోజనాల బంతిలో కూర్చునే, “ఏమప్పా, నెయ్యి ముంత ఆ కండువా కిందేనా దాస్తాండావు? విప్పు, లేదా పని మానుకొని పో!” అన్నాడు. దామోదరం విప్పాడు. ముంత లేదు. “ఓహో, తిన్నదంతా ఈడ చేరిందా!” అన్నాడు మునిరామయ్య. బంతి నవ్వింది.

పక్కన భోంచేస్తున్న చిత్తూరు డాక్టరు నవ్వలేదు. “పడుసుతనంలో గవదబిళ్ళలు వచ్చినాయా?” అని అడిగాడు.

“వచ్చినాయి సామీ. తొడల నడుమ బుడ్డలు కూడా వాచినాయి.”

“అదే. ఆ బుడ్డలు నెత్తురులోకి వదిలే రసం తగ్గితే, మగోడికీ కొవ్వు ఆడోళ్ళ మాదిరి రొమ్ములో, తుంట్లో చేరతాది. ఆ రసం బాగుండే మగోడు నెయ్యి మెక్కితే, ముందు పెరిగేది పొట్ట.”

బంతంతా ఒకే పొట్టవైపు తిరిగింది.

దామోదరం కండువా మళ్ళీ కట్టలేదు. నెయ్యి గిన్నెతో మునిరామయ్య ముందు వంగి, “ఎయ్యమంటారా సామీ?” అన్నాడు. విస్తరికి అడ్డం పెట్టవలసిన చేతిని మునిరామయ్య తన పొట్టకు అడ్డం పెట్టుకున్నాడు.