చుట్ట కాలేంత సేపు

2014 మార్చి. భోగాపురం దాటాక తీరం మీద ఒక మత్స్యకార పల్లె. ఒడ్డు నుంచి బోటులో గంటసేపు పోతే నీటి అడుగున రాళ్ల గుట్ట ఉంది. ఆ రాళ్లకు అక్కడక్కడ పగడాలు పట్టి ఉంటాయి. అలాంటి చోట్ల చేపలు లెక్కపెట్టే సర్వే బృందంలో నేను డైవర్ని. చేపలు బాగా ఉన్న గుట్టల చుట్టూ ట్రాలర్లు, అంటే అడుగును ఈడ్చే వలల మరబోట్లు, రాకుండా హద్దు గీస్తారు. లెక్క తక్కువొస్తే హద్దు లేదు. గేలాలతో బతికే ఆ పల్లెకు నా లెక్క ఎంత ముఖ్యమో తెలిసే వెళ్లాను.

మా పద్ధతి పేరు బెల్ట్ ట్రాన్సెక్ట్. అడుగున యాభై మీటర్ల టేపు పరిచి, దాని వెంట ఈదుతూ, రెండు వైపులా రెండున్నర మీటర్ల లోపు కనిపించిన చేపలను పలక మీద రాసుకోవాలి. టేపు పరిచాక బెదిరిన చేపలు తిరిగొచ్చేదాకా పక్కకు తప్పుకుని ఆగాలి. ఇది మా చేతిపుస్తకంలోనే ఉంది.

బోటు అప్పన్నది. అరవై దాటిన మనిషి. రాళ్ల మీదికి చేరగానే ఇంజిన్ ఆపి, కొబ్బరికాయ కొట్టి, చుట్ట వెలిగించాడు.

"ఈ సుట్ట కాలినంత సేపు ఎవులూ కదలకూడదు బాబూ. మాటాడకూడదు. గంగమ్మ తల్లి ఒప్పుకోవాల."

అప్పటికే పదేళ్లుగా నేను మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడుతున్నాను, వ్యాసాలు రాస్తున్నాను. ఎదురుగా కొబ్బరికాయ పగిలితే ఊరుకునే రకం కాను.

"గంగమ్మకి చుట్ట వాసన ఇష్టమా తాతా?" అన్నాను.

బోటులో ఉన్న మా బృందంవాళ్లిద్దరూ నవ్వారు. ఆ నవ్వు నా తలకెక్కింది. సముద్రానికి చెవుల్లేవనీ, చేపకు భక్తి లేదనీ ఉపన్యాసం దంచి, చుట్ట సగమైనా కాలకుండానే సిలిండర్ తగిలించుకుని దూకాను.

టేపు పరిచాను. ఇప్పుడు ఆగాలి. పైన ముసలాయన ఆగమన్నాడు కాబట్టే ఆగలేదు. నీళ్ల కింద నన్ను చూసేవాళ్లెవరూ లేరు. అయినా ఆగితే ఆయన మాట నెగ్గినట్టవుతుందనిపించింది. వెంటనే లెక్క మొదలుపెట్టాను. మూడుసార్లు టేపు పరిచి మూడుసార్లూ అలాగే చేశాను.

పైకి రాగానే అప్పన్న ఎన్ని చూశావని అడిగాడు. రాతి సందుల్లో ఉండే పెద్ద నోటి చేపలు, మేం గ్రూపర్లనేవి, రెండే కనిపించాయని చెప్పాను.

"రెండా? నువ్వు సూడనేదు బాబూ. నిన్ను సూసి అయ్యి దాక్కున్నాయి."

"కనపడనివాటిని నేను రాయలేను తాతా."

ఆ మాట అన్నప్పుడు నన్ను చూసి నేనే మురిసిపోయాను.

హద్దు గీయాల్సిన గుట్టల జాబితా వచ్చింది, అందులో ఆ గుట్ట లేదు. మరుసటి ఏడాది ట్రాలర్లు దాని అంచుల వెంట వలలు ఈడ్చాయని విన్నాను.

రెండేళ్ల తర్వాత వేరే చోట కెమెరాను అడుగున పెట్టి పైకొచ్చేసే పద్ధతి మొదలుపెట్టాం. ఆఫీసులో కూర్చుని ఆ వీడియో చూస్తున్నాను. నా కాళ్లు పైకి వెళ్లిపోయాక చాలాసేపు ఉత్త రాళ్లు. తర్వాత ఒక సందులోంచి ఒక మూతి. ఆ వెనక ఇంకోటి. తెర నిండిపోయింది. చేపకు భక్తి లేదు, నిజమే. వినికిడి ఉంది.

అప్పన్న దగ్గరికి వెళ్లి, ఆ రోజు ఆగలేదని ఒప్పుకున్నాను. ఆయన ఇంటి ముందు పాత వల బాగుచేసుకుంటున్నాడు. కొడుకు గుజరాత్‌లో ట్రాలర్ మీద కూలికి పోయాడట.

"కాయ అమ్మోరికి బాబూ. సుట్ట మీలాటోలికి," అన్నాడు. "ఊరికే కూకోమంటే ఎవుడు కూకుంటాడు? అమ్మోరి పేరు సెప్తే నోరు మూస్తారు." వల పక్కన పెట్టి అడిగాడు, "మరి ఆ కాయితం మార్సినారా?"

ఉత్తరం రాశానని, సర్వే ముగిసిపోయిందని జవాబొచ్చిందని చెప్పాను. ఆయన తల వంచుకుని మళ్లీ వల అందుకున్నాడు.

నేను ఇప్పటికీ హేతువాదినే. కొబ్బరికాయ చేపల్ని తెస్తుందని ఎవరన్నా ఒప్పుకోను. కానీ పరీక్షించకుండా కొట్టిపారేయడం కూడా ఒక నమ్మకమే. ఆ రోజు ఆ బోటులో ఏ ఆధారమూ లేకుండా నమ్మినవాణ్ని నేనొక్కణ్ణే. నా సంతకం కింద ఆ రెండు అనే అంకె ఇంకా ఆ ఫైల్లోనే ఉంది.