దర్జీగారి టీవీకి పచ్చ మచ్చ

దర్జీగారి ఇంట్లో టీవీ లోపలి బొమ్మ వాళ్లావిడది, టీవీ పైభాగం ఆయనది. దర్జీకొట్టు మూసేసి సామాను ఇంటికి తెచ్చిన రోజునే కత్తెర, టేపు, సుద్దముక్క, గుండుసూదుల్ని ఏరే అయస్కాంతం, కళ్లద్దాలు, అన్నీ ఆ పాత డబ్బా టీవీ నెత్తిన పేర్చాడు. దానికి కుచ్చుల గౌను కూడా కుట్టాడు. "బిగుతైందనీ వదులైందనీ పేచీ పెట్టనిది నా జన్మలో ఇదొక్కటే," అని మురిసిపోయేవాడు.

ఆ వారంలోనే టీవీకి జబ్బు చేసింది. కుడివైపు పైమూలన పచ్చటి మచ్చ. సీరియల్లో కోడలు ఎడమ పక్క నిలబడితే నిండు చందమామ, కుడికి జరిగిందంటే పచ్చి కాకరకాయ.

"ఏమండీ, ఆ పిల్లకి కామెర్లండీ."

"కంటి ఆపరేషన్ చేయించుకున్నది నువ్వు. తేడా నీ కళ్లలోనే ఉందేమో."

"నా కళ్లకి మీరు మాత్రం మామూలుగానే కనపడుతున్నారు. అదే నా ఖర్మ."

సంగతి విని కూతురు ఫోను చేసింది. ఆదివారం వచ్చి, గోడకి పల్చటి కొత్త టీవీ పెట్టించి, ఈ డబ్బాని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంది. ఆవిడ మనసు గాల్లో తేలింది. ఆయన మొహం మాడిపోయింది.

"గోడకి వేలాడే దానిమీద నా అద్దాలెక్కడ పెట్టుకోను?"

"ముక్కు మీద. లోకమంతా అక్కడే పెట్టుకుంటుంది."

"ఆదివారం లోపు బాగుచేస్తా. బాగుపడితే ఇది ఇంట్లోనే ఉండాలి. ఒప్పుకుంటారా తల్లీకూతుళ్లు?"

ఒప్పుకున్నారు. పక్కవీధి మెకానిక్ మాత్రం, "వెనక డబ్బా విప్పకు బాబాయ్, ప్లగ్గు పీకినా లోపల కరెంటు కాచుక్కూర్చుంటుంది," అని భయపెట్టి పోయాడు. ఇక మిగిలినవి వెలుతురూ రంగూ మార్చే బయటి బిరడాలు. గుర్తు పెట్టకుండా గుడ్డని కోయని మనిషి కాబట్టి, ప్రతి బిరడా ఎక్కడున్నదీ సుద్దతో గీసుకుని మరీ తిప్పాడు. ఒకటి తిప్పితే సీరియల్లో పట్టపగలు అమావాస్య అయింది. ఇంకోటి తిప్పితే అత్తాకోడళ్లిద్దరూ బూడిద పూసుకున్నట్టు అయ్యారు. ఓర్పు నశించి టీవీ డొక్కలో రెండు తగిలించాడు కూడా. పచ్చ చెక్కుచెదరలేదు. సుద్దగీతలతో టీవీ మాత్రం ట్రయల్ కోటులా తయారైంది.

ఆదివారం వచ్చింది. ఆయన టీవీ వెనకాలే ఉన్నాడు. ఆయన చొక్కాకి బొత్తాం కుడుతున్న ఆవిడ చేతిలోంచి సూది జారింది. ఏరుకుందామని టీవీ మీది అయస్కాంతం తీసింది. చెయ్యి తెర ముందుకి రాగానే పచ్చ కూడా కిందికి దిగింది. ఎడమకి జరిపితే ఎడమకి వచ్చి అత్తగారి మొహానికి పూసుకుంది.

ఆవిడకి అర్థమైపోయింది. నోరు మూసుకుంటే చాలు, సాయంత్రానికి గోడమీద కొత్త టీవీ. అంతలో టీవీ వెనక నుంచి ఆయన గొంతు వినపడింది. తొందరపెట్టే ఖాతాదారుల్ని బుజ్జగించే గొంతు అది.

"కాస్త ఓపిక పట్టమ్మా. ఇదొక్కటే ట్రయల్."

చెవిమీద సుద్దముక్క, జుట్టునిండా దుమ్ము. ఆవిడ నిట్టూర్చింది.

"ఏమండీ, ఇలా రండి. రోగం అంటించింది డాక్టరే."

ఆయన వచ్చి చూశాడు. తనే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది సూదుల్నే లాగుతుందనుకున్నానే."

"రంగుల్నీ లాగుతుంది. ఇంకాసేపుంటే నన్నూ లాగేది."

మెకానిక్ ఫోనులో నవ్వు ఆపుకుని, అయస్కాంతాన్ని వేరే గదిలో పారేసి, టీవీ ఆపి, బాగా చల్లారాక వేయమన్నాడు. అలా వేసిన ప్రతిసారీ టీవీయే ఆ మచ్చని కాస్త కాస్త దులుపుకుంటుందట. అలా చేస్తే మొదటిసారికి మచ్చ పలచబడింది. మళ్లీ చల్లార్చి వేస్తే టీవీ గుయ్‌మని మూలిగింది, కోడలు కుడిపక్కన కూడా చందమామే అయింది.

కూతురు వచ్చి తెరనీ తల్లినీ మార్చి మార్చి చూసింది.

"కొత్తది కావాలని గోల పెట్టింది నువ్వేగా అమ్మా?"

"ఆ పల్చటిదెందుకే నాకు. దానిమీద మీ నాన్న అద్దాలు నిలవవు."

ఆయన గర్వంగా టీవీ గౌను సర్ది, పైన చెయ్యిపెట్టి తడుముకున్నాడు.

"ఇంతకీ నా అద్దాలేవీ?"

ముక్కు మీదే ఉన్నాయని ఆవిడ వెంటనే చెప్పలేదు. కాసేపు వెతకనిచ్చింది.