మస్కట్ వెళ్లొచ్చిన సత్తుగిన్నె

మా చిన్నప్పటి షార్జా ఫ్లాట్‌లో ఒక సత్తుగిన్నె ఉండేది... అమ్మ నెల్లూరు నుంచి తెచ్చుకున్నది. ఎనిమిదో తరగతిలో దాన్ని అమ్మ దగ్గర లాక్కుని సైన్సు ప్రాజెక్టు చేశాను. గిన్నెలో ఉప్పునీళ్లు, మధ్యలో గ్లాసు, పైన ప్లాస్టిక్ కవరు, కవరు మీద ఒక గులకరాయి. బాల్కనీలో ఎండకి పెడితే సాయంత్రానికి గ్లాసులో కాసిని మంచినీళ్లు చేరేవి!

2005లో స్కూలు వాళ్లు మస్కట్ ట్రిప్ వేశారు. బస్సులో మూడు రోజులు... సైన్సు మ్యూజియం, పాత కోటలు, అక్కడి స్కూల్లో మా ప్రాజెక్టుల ప్రదర్శన. నా గిన్నె గురించి నేనే ఇంగ్లీషులో చెప్పాలి. అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు అప్పజెప్పుకున్నానో...

మస్కట్ పక్క దేశంలోది కాబట్టి కావలసింది ఒక్కటే, పాస్‌పోర్ట్. అదేమో నాన్న కంపెనీ ఇనప్పెట్టెలో ఉంది. నాన్న జెబెల్ అలీలో ఒక గోడౌన్‌కి స్టోర్‌కీపర్. అక్కడ పనివాళ్ల పాస్‌పోర్టులు కంపెనీయే ఉంచుకునేది. వీసా కొట్టించడానికి మావి కూడా పట్టుకెళ్లి, "ఇంట్లో కంటే ఆఫీసులోనే భద్రం" అని గొప్పగా అక్కడే వదిలేసి వచ్చాడు మా నాన్న. మళ్లీ బయటికి తీయాలంటే ముదీర్, అంటే వాళ్ల మేనేజరు, సరేననాలి.

"నాన్నా, అడిగావా?" రోజూ ఇదే నా పాట.

"అడిగినా తల్లీ. బుక్రా ఇస్తానన్నాడు."

ఆ 'రేపు' రానే రాలేదు. ఇంకో రోజు, "ముదీర్ లేడమ్మా, ఊరికి పోయుండాడు" అనేవాడు.

ట్రిప్ రోజు పొద్దున, "నువ్వు స్కూలుకి పో, పది గంటలకి బస్సు దగ్గరికే తెచ్చిస్తా" అన్నాడు. బ్యాగు సర్దుకుని, గిన్నె చంకన పెట్టుకుని వెళ్లాను. అందరూ ఎక్కేశారు. డ్రైవర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. పది దాటాక నాన్న వచ్చాడు... ఉత్త చేతులతో. నా మొహం చూడలేదు, టీచరుతోనే ఏదో చెప్పాడు.

గిన్నె మాత్రం బస్సెక్కింది. నా పక్కన కూర్చునే అమ్మాయి నేను నేర్పిన మాటలే అక్కడ చెప్పి, ప్రైజు కొట్టుకొచ్చింది. గిన్నెని సొట్టతో తిరిగిచ్చింది. ఆ పూట అమ్మ అందులోనే పప్పు వండింది. నేను తినలేదు.

ఆ ముదీర్‌ని తిట్టని తిట్టు లేదు. ఎన్నేళ్లు తిట్టానో... పాపం, ఆయన మొహం కూడా ఎరగను!

నాన్నతో పాటు అదే గోడౌన్‌లో పనిచేసిన మస్తాన్ మామ మొన్నామధ్య ఇంటికొస్తే, మాటల్లో ఈ సంగతి ఎత్తాను. ఆయన నవ్వేశాడు.

"మీ నాయన యాడ అడిగినాడు బిడ్డా! ముదీర్ రూం తలుపు దాకా పొయ్యేది, మళ్లా ఎనక్కి వచ్చేది. ఆ పొద్దు కూడా అంతే."

నాన్న అక్కడే కూర్చుని ఉన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, "పాస్‌పోర్ట్ అడిగితే పారిపోతాడనుకుంటారమ్మా. వీసా ఖలాస్ చేస్తే మీ చదువులు ఏం గాను?" అన్నాడు.

నాకు అర్థమైంది. కోపం మాత్రం పోలేదు. భయపడినందుకు కాదు... రోజూ "అడిగినా" అని చెప్పినందుకు. నిజం చెప్పి ఉంటే నేనే ట్రిప్ వద్దనేదాన్నా? అనేదాన్ని కాదు, ఏడ్చి గోల చేసేదాన్ని. అయినా చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు మా పాస్‌పోర్టులు మా బీరువాలోనే ఉంటాయి. పోయిన వారం మా అమ్మాయి స్కూల్ ట్రిప్ ఫారం తెచ్చింది. నాకంటే ముందు నాన్నే లేచాడు. "పాస్‌పోర్ట్ ఇంట్లోనే ఉండాదా?"

"ఉంది. నువ్వెవర్నీ అడగక్కర్లేదులే నాన్నా" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. కానీ అనేశాను... ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు.

మిమ్మల్ని ఎక్కించుకోకుండా వెళ్లిపోయిన బస్సు ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి... ఎవరి మీద అలిగారో కూడా రాయండి.